సోర్స్ మార్చాలె

ఒక మనిషిని సొంత ఇంట్లోనే కనపడకుండా చేయాలంటే ఎంత మందం గోడ కావాలి? నవ్వకండి, కొలతే అడుగుతున్నాను. తొమ్మిది అంగుళాలు సరిపోతుందా, నాలుగున్నర చాలా? మీలో ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. జవాబు తోచకపోతే జేబా సంగతి వినండి. ఏ గోడలో ఏది దాగుతుందో తెలియడమే ఆమె బతుకుతెరువు.

నల్లగొండలో నెట్ వైర్లు లాగడం, టీవీలు బిగించడం జేబా పని. రోజూ పొద్దున షట్టరు ఎత్తుతుంది. తండ్రి పీర్ మహమ్మద్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ గ్లాసు ఆయన రెండు అరచేతుల నడుమ ఇరికిస్తుంది. మర్రిగూడ ఫ్లోరైడు బోరు నీళ్లు నలభై ఏళ్లు తాగిన చేతులవి, వేళ్లు ముడవవు. ఒకప్పుడు ఆ చేతులే ఆ మండలంలో ఇంటింటికీ డిష్ వైరు లాగాయి. ఇప్పుడు బిడ్డ వైరు చివర ఒలిచి, లోపలి ఎనిమిది రంగుల సన్నతీగలు వరస పెడుతుంటే ఆయన కళ్లతోనే పని చేస్తాడు.

"నీలం ఎన్కకు పోయింది."

"నీలం పోలే అబ్బా, నీ చూపు పోయింది."

"పోనీ తియ్యి. రేపు బొమ్మ రాకుంటే తిట్లు నీకు పడ్తయా, నాకు పడ్తయా?"

"పీర్ సాబ్ బిడ్డ అని ఇద్దరికి కలిపే పడ్తయి. ఫికర్ చెయ్యకు."

అలాంటి ఒక పొద్దున శ్రీకాంత్ ఫోన్ చేశాడు. ఊళ్లకు తాగునీటి పైపులు వేసే కాంట్రాక్టరు ఆయన. కొత్త కాలనీలో రెండంతస్తుల ఇల్లు కట్టి పాలు పొంగించి నెల కూడా కాలేదు. జేబా వెళ్లేసరికి హాల్లో, గోడంత టీవీ ముందు నిలబడి ఉన్నాడు.

"చూడు చెల్లె. నాకు గీ హాల్ల ఒక్క డబ్బా కనవడొద్దు, ఒక్క వైరు కనవడొద్దు. గోడకు బొట్టు పెట్టినట్టు టీవీ ఒక్కటే ఉండాలె. సౌండ్ మాత్రం థియేటర్ల వచ్చినట్టు రావాలె."

"మరి సామాను ఏడ పెట్టాలన్నా?"

"మెట్ల కింద అర ఉన్నది. ఏదన్న దాచేటిది ఉంటే గాడ్నే."

ఆయన భార్య మంజులత వంటింట్లోంచే అందుకుంది. "కాలనీల నెట్ పంచే డబ్బా గుడ గండ్లనే పెట్టిచ్చిండు ఈయన. అది అర కాదు, గోదాము."

జేబాకు ఇది కొత్త పని కాదు. హోమ్ థియేటర్ డబ్బాలన్నీ అరలో పెడుతుంది. అక్కడ బొమ్మను పంపే చిన్న పెట్టె ఒకటి, టీవీ వెనుక దాన్ని అందుకునే పెట్టె ఒకటి. రెంటి మధ్య గోడలోని పైపులోంచి ఒక్క నెట్ వైరు. ఆ వైరు సూటిగా పోవాలి, నడుమ ఇంకేదీ రాకూడదు. మరిచిపోయి దాన్ని కాలనీ నెట్ డబ్బాలో గుచ్చామా, ఒక్క టీవీకి పోవాల్సిన బొమ్మ కాలనీ టీవీలన్నిటి మీదా పడుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు పీర్ మహమ్మద్ మొట్టమొదట చెప్పే మాట ఇదే.

అర తలుపుకు బయటి నుంచి గొళ్లెం ఉంది. జేబా తీసి లైటు వేసింది. అట్టపెట్టెల పక్కన మంచం, మంచం మీద ఒక ఆడమనిషి. నడుము ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయి, గడ్డం మోకాళ్లకు జానెడు దూరంలో ఉంది.

"ఎవలు బిడ్డా? జర ముందటికి రా. నాకు మెడ తిరుగది, నువ్వే తిరిగి రావాలె."

జేబా ఆమె చూపుకు ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. ముఖం చూస్తే యాభై కూడా ఉండవు.

"సామాను పెట్టే అర అన్నరు. మనిషున్నదని చెప్పలే."

"రెండు ఒకటే అనుకున్నరేమో. నేను అండాలును, శ్రీకాంతుకు అక్కను. నువ్వు పీర్ సాబు బిడ్డవా? నీ ముక్కు చెప్తాంది."

జేబా గోడకు డ్రిల్లు పెట్టినంతసేపూ అండాలు మాట్లాడుతూనే ఉంది. వినే మనిషి దొరికి ఎన్ని నెలలైందో. వాళ్లది మర్రిగూడ. నాయిన లచ్చయ్య సైకిలుకు క్యాను కట్టుకొని ఎక్కడికో పోయి రోజుకు ఒక్క క్యాను మంచినీళ్లు తెచ్చేవాడు. ఆ క్యాను చదువుకునే పిల్లగానికి. మిగిలినవాళ్లకు బోరు.

"ఒక్కనాడన్న దొంగతనంగ తాగలేదా అక్కా?"

"ఒక్కనాడు తాగిన. తియ్యగున్నయి. మల్ల తాగితే అలవాటైతదని మానుకున్న." అండాలు నవ్వింది. నవ్వితే ఆమె వీపంతా కదిలింది. "గా నీళ్లు తాగి వాడు ఇంత ఎత్తు పెరిగిండు, నేను గింత ఎత్తుకు దిగిన. లెక్క సరిపోయింది."

జేబాకు నవ్వు రాలేదు. డ్రిల్లు రెండోసారి ఒత్తింది.

సాయంత్రానికి పని అయింది. మంజులత సోఫాలో కూర్చొని ఏదో సినిమా పెట్టింది. పెళ్లి పాట. పందిట్లో వరసగా చుట్టాలు కూర్చున్నారు. ఆ వరస చివర, ఎర్ర పట్టుచీరామె పక్కన, మంచం మీద అండాలు.

"మా వదినె వస్తాంది గదా," అంది మంజులత.

జేబా దగ్గరికి వెళ్లి చూసింది. "అవునక్కా, వస్తాంది."

వార్తలు పెట్టారు. చదివే అమ్మాయి భుజం వెనుక అండాలు. వంటల కార్యక్రమంలో పొయ్యి పక్కన అండాలు. చానల్ మార్చినప్పుడల్లా ఆమె మంచంతో సహా జరిగి, అక్కడ ఉన్నవాళ్లకు అడ్డం రాకుండా ఒక మూలకు సర్దుకునేది. ఇదేదో కొత్త ఫిట్టింగులో వచ్చే లోపమని అందరూ అనుకున్నారు. జేబా కూడా అలాగే అనుకొని వైరు రెండు కొసలూ కోసి మళ్లీ బిగించింది. మర్నాడు వైరే మార్చింది. ఆ మర్నాడు గోడలో కరెంటు వైరుకు దూరంగా వేరే పైపు దింపింది. బొమ్మ ఇంకా తేటగా వచ్చింది. అండాలు కూడా అంతే తేటగా వచ్చింది.

గురువారం శ్రీకాంత్ గొంతు మారింది.

"ఆదివారం వరల్డ్ కప్ మ్యాచు. ఇంజినీరు సార్లు నలుగురు వస్తున్నరు. నా పైపుల పని మీద సంతకం పెట్టేటోళ్లు వాళ్లు. గప్పటికి సాఫ్ కావాలె."

"అక్క కనవడితే ఏమైతదన్నా? మూలకు కూసుంటది, పాపం."

"నీకు సమజ్ కాదు. మంచినీళ్ల పైపులు ఏసేటోని ఇంట్ల గసుంటి మనిషి కనవడ్తే ఏం బాగుంటది?"

జేబా పెట్టె మూత బిగిస్తూ, తల ఎత్తకుండానే, ఆ పనిలో ఉన్న ఎవరైనా అనే మాట అంది. బొమ్మ ఎక్కడ పుడుతుందో, ఆ సెటప్ బాక్సును, ఆ ప్లేయరును వాళ్లు సోర్స్ అంటారు.

"వైర్ల లోపం లేదన్నా. సోర్స్‌లనే ఉన్నది. సోర్స్ మార్చాలె."

శ్రీకాంత్ అర తలుపు దిక్కు చూశాడు. చాలాసేపే చూశాడు.

"మారిస్తే పోతదా?"

"పోతది."

"గ్యారంటీ?"

"గ్యారంటీ అన్నా. నేను చెప్తున్న గదా."

ఆ గ్యారంటీ మాట ఆమె నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూడండి. కాలేజీ డిబేట్లలో ఒక్కసారి కూడా తడబడని పిల్ల. మాట ఎదుటివాడి చెవిలో పడ్డాక ఏమవుతుందో వెనక్కి తిరిగి చూడని పిల్ల.

శనివారం జేబా హైదరాబాద్ వెళ్లి కొత్త సెటప్ బాక్సు తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ మొదలయ్యే ముందు దాన్ని పట్టుకొని ఆ ఇంటికి వెళ్లింది. అర గొళ్లెం తీసి ఉంది. మంచం లేదు. మంచం ఉన్న జాగాలో నల్లటి పెద్ద స్పీకరు పెట్టారు.

"అక్కేది?"

మంజులత ప్లేట్లలో జీడిపప్పు సర్దుతోంది. "శుక్రవారమే మర్రిగూడల పాత ఇంట్ల దించొచ్చిండు. పక్కింటి నర్సింగమ్మ చూస్తది. నువ్వే గదా సోర్స్ మార్చమన్నవు?"

కొత్త డబ్బా అట్టపెట్టె జేబా చేతిలోనే ఉంది. దాని మీది అక్షరాలు ఆమె రెండుసార్లు చదివింది. ఆ మాటకు అర్థం అక్కడ రాసి ఉంటుందేమో అన్నట్టు.

"నేనన్నది దీన్ని," అంది.

"గట్లనా? మరి సక్కగ చెప్పకపోతివి. ఏదైతేంది, పోయింది గదా."

పోలేదు. ఇంజినీర్లు వచ్చి కూర్చున్నారు, టీవీ పెట్టారు. పచ్చటి మైదానం హాల్లోకి పొంగినట్టు వచ్చింది. సరిహద్దు తాడుకు ఇవతల, గడ్డి మీద అండాలు. ఇంతకుముందు కూర్చొని కనిపించేది. ఇప్పుడు ఒక పక్కకు పడి ఉంది, వంగిన నడుము వంగినట్టే. మంచం లేదు. ఆమె చేతికి అందీ అందనంత దూరంలో ఒక చెంబు పక్కకు దొర్లి ఉంది. తెరకు కిందిమూల స్కోరు వచ్చే చోటే ఆమె పడి ఉండటంతో అంకెలు సగం కనపడటం లేదు.

"ఎవరండీ ఆమె?" అన్నాడు పెద్ద ఇంజినీరు.

"మా అక్క సార్."

"ఓహో. వికెట్లు ఎన్ని పోయాయి?"

"ఒకటే సార్."

"ఏసీ కొంచెం పెంచండి. చల్లటి నీళ్లున్నాయా?"

మంజులత సీసాలు తెచ్చింది. జేబా హాలు అంచున నిలబడి తెర చూస్తోంది. ఎంత ఖరీదైన టీవీ అంటే, అండాలు పెదవుల మీది పగుళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఆ పెదవులు ఏదో అంటున్నాయి. స్పీకర్ల నిండా జనం కేకలే.

జేబా నర్సింగమ్మ నంబరు కనుక్కొని ఫోన్ చేసింది.

"నేను హాలియాల ఉన్న బిడ్డా," అంది నర్సింగమ్మ. "నా చిన్నబిడ్డకు కాన్పైంది, నిన్న పొద్దున్నే వచ్చిన. శ్రీకాంతుకు ఫోన్ జేసి చెప్పిన గదా. ఇంకో మనిషిని పెడ్త అన్నడు. కుక్కలు చొరబడ్తయని తలుపుకు గొళ్లెం పెట్టొచ్చిన. ఎవ్వలు పోలేదా?"

జేబా సోఫా పక్కకు వెళ్లి వంగి, శ్రీకాంత్ చెవి దగ్గర చెప్పింది. "అన్నా, నిన్నటి సంది అక్క కాడ ఎవ్వలు లేరు. చెంబుల నీళ్లు లేవు, చూడు."

ఆయన చూశాడు. చూడలేదని అనడానికి లేదు. "మనిషికి చెప్పిన, మర్చిపోయిండేమో. మ్యాచ్ కానియ్యి, చూస్త."

"కారు తాళం నాకియ్యి. నేను పోత."

"సార్లను దించాలె గదా చెల్లె. జర ఆగు. గిప్పుడే కాదు."

గిప్పుడే కాదు. ఈ మాట మీద ఈ దేశంలో ఎన్ని పైపులు ఆగాయో, ఎన్ని ఎముకలు వంగాయో లెక్క తీస్తే బాగుండు. జేబా లెక్క తీయలేదు. అరలోకి వెళ్లింది. బొమ్మను పంపే పెట్టె నుంచి వైరు లాగి, చేయకూడదని తండ్రి నేర్పిన పనే చేసింది. దాన్ని కాలనీ నెట్ డబ్బాలో గుచ్చింది. టీవీకి పోయే వైరునూ అందులోనే గుచ్చింది. ఈ హాల్లో ఐదుగురు లేవకపోతే పోనీ, కాలనీలో అరవై ఇళ్లున్నాయి. అరవైలో ఒక్కరు లేవరా అనుకుంది.

గేటు దాటి వీధిలో నిలబడింది. ప్రతి కిటికీలోనూ అదే పచ్చదనం, దాని మూలన అదే మనిషి. నిమిషం గడిచింది. ఒక తలుపు తెరుచుకుంది. జేబా గుండె ఆ తలుపు దిక్కు పరుగెత్తింది. పంచె సర్దుకుంటూ కిష్టయ్య సారు బయటికొచ్చాడు, రిటైరైన లెక్కల మాస్టరు.

"ఏమ్మా, నెట్ పిల్లవు నువ్వే గదా? మా టీవీల ఎవలో ఆడామె అడ్డం పండుకున్నది. స్కోరు కనవడ్తలేదు."

"నీళ్లు లేక పడిపోయింది సార్. మర్రిగూడల ఉన్నది. మీ కారు తీయండి సార్, పోదాం."

"అయ్యో," అన్నాడు కిష్టయ్య సారు. నిజంగానే బాధపడ్డాడు, అబద్ధమెందుకు. "జర ఎడమకు జరిపితే అంకెలన్న కనవడ్తయి. గది చూడు ముందుగాల."

తలుపు మూసుకుంది. ఇంకో రెండు కిటికీల్లోంచి పిక్చర్ ఖరాబైందన్న కేకలు వచ్చాయి. జేబా ఫోన్‌కు ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇంకెవరూ బయటికి రాలేదు. ఎవరో బౌండరీ కొట్టారు. అరవై ఇళ్లు ఒక్క గొంతుతో అరిచాయి. బంతి అండాలు మోకాలి మీదుగా తాడు దాటిపోయింది.

స్కూటీ మీద మర్రిగూడకు గంటన్నర దారి. చండూరు దాటాక రోడ్డుకు రెండు దిక్కులా పత్తి పగిలి ఉంది. సంచిలో రెండు నీళ్ల సీసాలు, వైరు కోసే కత్తెర, స్క్రూడ్రైవర్లు. దారంతా ఆమె నోట్లో ఒక్కటే మాట తిరుగుతోంది. డబ్బా అని ఉండాల్సింది. సెటప్ బాక్సు అని ఉండాల్సింది. అండాలక్కను కాదు అని ఒక్క ముక్క కలిపి ఉండాల్సింది. అంత చిన్న మాట.

పాత ఇంటి తలుపుకు గొళ్లెం, గొళ్లేనికి గట్టిగా చుట్టిన ఇనుప తీగ. జేబా దాన్ని కత్తిరించి లోపలికి వెళ్లింది. ఏళ్ల తరబడి మూసిన ఇంటికి నల్లా కూడా లేదు. అండాలు టీవీలో పడి ఉన్నట్టే నేల మీద పడి ఉంది, చెంబు టీవీలో ఉన్నంత దూరంలోనే ఉంది. జేబా ఆమె చూపుకు ఎదురుగా వచ్చి నేలకు చెంప ఆనించి పడుకుంది. లేకపోతే ఆమెకు ముఖం కనపడదు. సీసా మూతతో చుక్క చుక్కగా పోసింది.

చాలాసేపటికి అండాలు పెదవులు కదిలాయి.

"మంచినీళ్లేనా?"

"మంచినీళ్లే అక్కా."

"నువ్వు తాగినవా?"

జేబా ఏడ్చింది. తాగానని అబద్ధం చెబితేనే ఆమె ఇంకో గుక్క మింగింది.

ఆటోలో మర్రిగూడ దవాఖానకు, అక్కడి నుంచి నల్లగొండ దవాఖానకు, వారం తర్వాత జేబా దుకాణానికి. అండాలు మంచం షట్టరు దగ్గర, బజారుకు ఎదురుగా వేశారు. పీర్ మహమ్మద్ కుర్చీ దాని పక్కన. ఆయన పట్టుకోలేని చాయ్ గ్లాసు ఆమె పట్టుకునేది, ఆమె తిరగలేని దిక్కు ఏముందో ఆయన చెప్పేవాడు.

"బస్సొచ్చింది. ఎవరో దిగుతున్నరు. నిన్నే చూస్తున్నరు, అండాలూ."

"చూడనియ్యి. నేనేమన్న దాసుకున్ననా?"

బజారంతా చూసే చోట ఉన్నందుకేమో, ఆమె ఆ దినం నుంచి ఏ టీవీలోనూ కనపడలేదు. కాలనీ తెరలు శుభ్రమైపోయాయి. ఇంజినీర్లు సంతకం పెట్టారు. మూడు దినాల తర్వాత శ్రీకాంత్ ఫోన్ చేశాడు. తిట్టడానికి కాదు. "మస్తు సెట్ చేసినవు చెల్లె. ఒక్క మచ్చ లేదు. అక్క గుడ నీ కాడ మంచిగుందట గదా, పానం నిమ్మళమైంది."

ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఎదురు చెప్పే జేబా, ఊ అని ఫోన్ పెట్టేసింది.

ఎండలు ముదరకముందే అండాలు పోయింది. కిడ్నీలు ఆ రెండు దినాల్లోనే సగం పోయాయన్నాడు డాక్టరు, మిగతా సగం ఎప్పుడో పోయాయట. తెల్లవారాక, షట్టరు ఎత్తి వెలుతురు వచ్చాక, బజారును చూస్తూ పోయింది. గొళ్లెం వెనుక పోలేదు, అంతవరకే. శ్రీకాంత్ కారు వేసుకొని వచ్చి, ఊళ్లో డప్పులతో, పూలతో గొప్పగా సాగనంపాడు. దినాలకు ముందు రోజు మళ్లీ దుకాణానికి వచ్చాడు. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"అక్క ఫొటో హాల్ల పెడ్దామంటే ఇంట్ల ఒక్కటి దొరుకుతలేదు చెల్లె. పెండ్లి ఆల్బం అంత చూసిన. ఒక్కదాంట్ల గుడ లేదు. గా మ్యాచ్ రికార్డింగ్ ఏమన్న నీ కాడ ఉన్నదా?"

లేదంది జేబా. ఉన్నా లేదనేది.

ఇప్పుడామెకు పని తక్కువేం లేదు. మాట పాకింది. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, మేళ్లచెరువు సిమెంటు కంపెనీ క్వార్టర్ల నుంచి రోజూ ఫోన్లు. మా టీవీల గుడ ఎవరో వస్తున్నరు, మూలకు కూసుంటున్నరు. మా మేనకోడలు, మతి సరిగ లేదు. మా పెద్దనాయిన, కాళ్లు లేవు. మీరు సాఫ్ చేస్తరట గదా, ఎప్పుడొస్తరు? ఆమె ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఇంట్ల ఏ అరల ఉన్నరు? గంతే, అవతల ఫోన్ కట్.

వింటున్నవాళ్లారా, ఆమెకు ఫోన్ చేయకండి. ఆమె ఒక్కత్తే, స్కూటీ ఒక్కటే. ఇవాళ టీవీ పెట్టినప్పుడు హీరో వెనుకో, వార్తల వెనుకో మీవాళ్లెవరైనా కనిపిస్తే చానల్ మార్చకండి. లేవండి. ఒక గ్లాసు నీళ్లు పట్టుకొని మీ ఇంట్లో ఆ తలుపు దాకా నడవండి, పది అడుగులు ఉంటుందేమో. ఆట ఎంత రంజుగా ఉన్నా సరే, ముందు గొళ్లెం తీయండి.